ముడుల మోకు

స్వర్ణముఖి పుట్టే కొండల దిగువన ఒకదాని కింద ఒకటిగా రెండు చెరువులుండేవి. పై చెరువు మరవ పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, కింది చెరువు మరవ పారితే ఏట్లోకి చేరేవి. పై చెరువు కట్ట కింద పై ఊరు, కింది చెరువు కట్ట కింద కింది ఊరు. తాగే నీళ్లు, పశువుల నీళ్లు, కయ్యలకు పారే నీళ్లు అన్నీ ఆ చెరువులవే. అవి నిండుగా ఉన్నన్నాళ్లూ ఇంకో నీటి ఊసు ఎవరికీ రాలేదు.

ఒక ఏడు వానలకు పక్క సీమలో ఒక చెరువు తెగింది. ఊరి నీళ్లన్నీ రాత్రికి రాత్రే వంకపాలై, తెల్లారేసరికి బురద మిగిలింది. గుక్కెడు మంచినీళ్లు దొరక్క మూడు రోజుల్లో పసిబిడ్డలు పోయారు. ఆ కబురు చంద్రగిరి కోటకు చేరింది. ప్రభువు ఊరూరా దండోరా వేయించాడు. చెరువు మీద బతికే ప్రతి ఊరికీ చెరువుతో పనిలేని, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఒకటి ఉండాలి, కావలసిన ఊళ్లవాళ్లు వచ్చి అడగండి, ఖర్చు ఖజానాది అని.

పై ఊరి రెడ్డి మంచివాడు. ఊరంటే ప్రాణం పెడతాడు. కరణాన్ని పిలిపించి అర్జీ రాయించాడు. ఊరు ఎంత పాతదో, గుడి గోపురం ఎంత ఎత్తో, ఏటా కోటకు ఎన్ని పుట్ల ధాన్యం కొలుస్తున్నారో, చుట్టుపక్కల ఏ ఊరికి ఏమేమి వచ్చాయో అన్నీ అందులో ఉన్నాయి. చివర్లో కోరిక. ఊరి గౌరవానికి తగ్గ రాతికట్టు బావి, నాలుగు జతల ఎద్దులు, కొత్త మోకులు, కొత్త తోలు బానలు. అర్జీ విని కోటలో అందరూ సంతోషించారు. అడిగినవన్నీ ఇచ్చారు. ఊళ్లోకి వచ్చేవాళ్లకు మొదట కనబడాలని బావిని కట్ట మొదట్లోనే తవ్వించారు. అక్కడైతే ఊట కూడా త్వరగా పడింది. పూజ చేసి, కపిల తోలి, తొలి నీళ్లు గంగమ్మకు పోసి, ఊరంతా పండగ చేసుకున్నారు.

ఆ తర్వాత చెరువు నిండింది. నిండిన చెరువు పక్కన బావి నీళ్లు తోడే అవసరం ఏముంది? ఎద్దులు ఊరికే నిలబడి మేస్తున్నాయని సేద్యానికి కట్టారు. సేద్యం అయ్యాక బండ్లకు కట్టారు. మోకుల్ని చుట్టి గుడి అటక మీద పెట్టారు. బానల్ని బావి గట్టునే బోర్లించారు. రెండు వేసవులు ఎండలో ఎండి, ఆ తోలు చెక్కలా బిగుసుకుపోయింది.

కింది ఊళ్లో చెరువు తూము చూసే నీరుగంటి చనిపోయి, ఆ పని అతని పెండ్లానికి వచ్చింది. ఆమె ముసలిది. ఊరంతా అవ్వా అనే పిలిచేది. దండోరా విన్న రోజు పొద్దుగూకాక చేతిలో ఒక పాత మోకు ముక్క పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడపలోనూ ఒకే ప్రశ్న.

"ఈ రాత్రికి చెరువు లేకుండా పోయిందనుకో. నువ్వు ఎంతసేపు ఓర్చుకోగలవు?"

మంత్రసాని వెంటనే చెప్పింది. "కాన్పు జరుగుతా ఉంటే గడియ కూడా ఓర్చుకోలేనత్తా. వేన్నీళ్లు లేకుంటే రెండు ప్రాణాలు పోతాయి."

బాలింత ఉన్న ఇంట్లో ఒక జాము అన్నారు. పాడి ఆవులున్న కాపు ఒక పూట అన్నాడు. నారు పోసిన రైతు రెండు రోజులని, ఆ పైన మడి ఎండిపోతుందని చెప్పాడు. చాకలి ఆలోచించి, "నాకు నాలుగు దినాలైనా పరవాలేదవ్వా, మైలగుడ్డలు మూటగట్టి పెట్టుకుంటా" అన్నాడు.

కింది ఊరి పెద్ద మాత్రం కొంచెం కోపం చేసుకున్నాడు. "మా ఇంటికి ముందు పొయ్యకుండా ఇంకెవరికి పోస్తావు?"

"ఎవరికి ముందు అని నేను అడగలేదు నాయనా. ఎంతసేపు ఓర్చుకోగలరు అని అడగతా ఉండా."

ఆయన లోపలికి తొంగి చూశాడు. రెండు కాగులు నిండుగా ఉన్నాయి. "ఒక దినం" అన్నాడు.

గడియ కూడా ఆగలేని ఇంటికి మోకు మొదట్లో ఒక ముడి. జాము ఆగగలిగే ఇళ్లకు జానెడు ఎడంగా ముడులు. పూట ఆగేవాళ్లకు మూరెడు దూరంలో. చాకలి ముడి మోకు చివర పడింది. అవ్వకు చదువు రాదు. ఆ మోకే ఆమె అర్జీ.

కోటలో లెక్కలు చూసే ప్రధాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అవ్వ ఒక్కొక్క ముడీ పట్టుకుని, ఏది ఎవరి ఇల్లో, ఎంతసేపు ఆగగలరో చెప్పింది. విన్నాక ఆయన అడిగాడు.

"దీన్నిబట్టి మీకు ఎంత బావి కావాలవ్వా?"

"చిన్నది చాలు సామీ. మొదటి రెండు జాముల ముడులకు సరిపోయేటంత. రాతికట్టు వద్దు. కట్టకు దూరంగా మిట్ట మీద తవ్వుకుంటాం. లోతు ఎక్కువైతే అవుతాది."

"ఇస్తామని మేమే పిలిచి చెప్పినప్పుడు ఇంత తక్కువ అడగడం ఎందుకు?"

"తక్కువ అడగలేదు సామీ, ఇంకా అడగాల్సింది ఉండాది. బాయి ఒక తూరి తవ్వితే అయిపోతాది. మోకు ఏడాదికి అరిగిపోతాది. తోలుకు నెలనెలా ఆముదం పట్టాల. ఎద్దు దినామూ తినాల. కపిల తోలేవాడికి గింజలు కావాల. వీటి కోసం ఒక కయ్య రాసియ్యండి. దాని పంట ఇంగ దేనికీ వాడకూడదని రాతి మీద చెక్కియ్యండి. మీ చేతనైంది బాయో కయ్యో ఒకటే అంటే, కయ్యే ఇయ్యండి. బాయి మేము తవ్వుకుంటాం."

ప్రధాని చాలాసేపు మాట్లాడలేదు. బావి అడగని ఊరు లేదు. బావిని పోషించుకునే దారి అడిగిన ఊరు ఇదొక్కటే. రెండూ ఇస్తామని, ఒక షరతు పెట్టాడు. వారానికి ఒకనాడు, చెరువు నిండి మరవ పారుతున్నా సరే, ఆ కపిల తోలాలి. తోలని వారం ఆ కయ్య గింజలు కోటకు చేరాలి.

ఆ షరతు మీద ఊళ్లో చాలా గొణుగుడు నడిచింది. కళ్లెదుట చెరువు నిండా నీళ్లుంటే మిట్ట మీద ఎద్దుల్ని అలవగొట్టడం ఏమిటన్నారు. అవ్వ వినలేదు. శనివారం శనివారం కపిల నడిచింది. ఒక శనివారం గిలక ఇరుసు చీలి ఉందని తెలిసింది. వడ్రంగి మార్చాడు. ఇంకో శనివారం కపిల తోలేవాడు అత్తగారి ఊరికి పోయి ఉన్నాడు, తోలడం వేరే ఎవరికీ రాదు. ఆ మరుసటి వారం నుంచి ముగ్గురు పిల్లగాళ్లకు నేర్పించారు. మరోసారి కొత్త ఎద్దు వెనక్కి నడవనని మొరాయించింది. దానికి అలవాటు కావడానికి నెల పట్టింది. ఆపద లేని రోజుల్లో బయటపడ్డాయి గనుక ఇవన్నీ చిన్న పనులుగానే తీరిపోయాయి.

నాలుగో ఏట కార్తీకంలో వాన పట్టుకుంది. రెండు రాత్రులు వదలకుండా కురిసింది. మూడో రాత్రి పై చెరువుకు గండి పడింది. ఆ నీళ్లు వచ్చి తగిలిన గడియకే కింది చెరువు కట్ట కూడా తెగింది.

పై ఊళ్లో కట్ట మొదట్లో ఉన్న రాతికట్టు బావి తొలి దెబ్బకే ఒండ్రుతో పూడిపోయింది. మనుషులు చేతులతో, గంపలతో మట్టి ఎత్తిపోశారు. అడుగున నీళ్లు తగిలాక ఎద్దుల కోసం పరిగెత్తారు. అవి బండ్లతో సంతకు పోయి ఉన్నాయి. మనుషులే లాగుదామని అటక మీది మోకు దించితే, ఎలుకలు కొరికిన చోట పుటుక్కున తెగింది. బానలో నీళ్లు పోస్తే చీలికల్లోంచి కారిపోయాయి.

కింది ఊళ్లో, చీకట్లో, ఆ వానలో, పద్దెనిమిదేళ్ల పిల్లగాడు మిట్ట మీద కపిల తోలాడు. తొలి బాన నీళ్లు మంత్రసాని కుండలోకి పోయాయి. ఆ రాత్రి ఊళ్లో నిజంగానే ఒక కాన్పు జరుగుతోంది. తర్వాత బాలింత ఇల్లు, తర్వాత మంచాన పడ్డ ముసలివాళ్లు, తర్వాత ఆవులు. బావి దగ్గర ఒక్క తగువు లేదు. ఎవరి వంతు ఎప్పుడో నాలుగేళ్ల కిందటే, పగటి వెలుతురులో, నెమ్మదిగా తేల్చుకున్నారు. ఊరి పెద్ద ఇంటికి మర్నాడు సాయంత్రం నీళ్లు వచ్చాయి. అప్పటిదాకా ఆయన కాగులు ఖాళీ కాలేదు.

తెల్లవారాక పై ఊరి జనం ఖాళీ కుండలతో దిగి వచ్చారు. ముందు రెడ్డి. అవ్వ కొత్త మోకు ముక్క ఒకటి తీసి, "మీలో ఎవరు ఎంతసేపు ఓర్చుకోగలరు రెడ్డీ?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. ఊరి గోపురం ఎత్తు తెలుసు, ధాన్యం లెక్క తెలుసు. ఇది తెలియదు. వెనక్కి తిరిగి, మొదటిసారిగా, ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు.

నీళ్లు తీసి ఊరు కుదుటపడ్డాక ఆ మోకే పట్టుకుని రెడ్డి చంద్రగిరికి నడిచాడు. "మీకు బావి ఇచ్చాం కదా" అన్నాడు ప్రధాని.

"బావి ఉంది సామీ. దాన్ని బతికించుకునే కయ్య లేదు" అన్నాడు రెడ్డి.

నీతి

ఆపదకని తెచ్చుకునే సాధనం ఏదైనా, అడిగే రోజే రెండు సంగతులు తేలిపోవాలి. అది లేకపోతే ఎవరు ఎంతసేపు నిలవగలరన్నది ఒకటి. ఆపద లేని రోజుల్లో దాన్ని ఎవరు, ఏ డబ్బుతో కాపాడతారన్నది రెండు. ఈ రెండూ లేని అర్జీకి వచ్చేది వస్తువు మాత్రమే, రక్షణ కాదు.

కథ నేను అల్లిందే. అందులోని కయ్య మాత్రం మన నేల మీద నిజంగా ఉండేది. రాయలసీమలో చెరువు కట్టించినవాళ్లకు, చెడిన చెరువు బాగుచేయించినవాళ్లకు భూమిని ఇనాంగా ఇచ్చే పద్ధతి విజయనగర కాలంలో ఉంది. దాన్ని దశబంధం అన్నారు. ఆ భూమి ఫలం అనుభవించేవాడు కట్టను, తూమును బాగుగా ఉంచాలి. ఇంగ్లీషువాళ్ల రెవెన్యూ రికార్డుల్లో కూడా దశబంధం ఇనాములు కనిపిస్తాయి. కట్టడానికి ఇచ్చే సొమ్మునూ నిలబెట్టుకోవడానికి ఇచ్చే సొమ్మునూ విడదీయకూడదని ఈ సీమకు అయిదు వందల ఏళ్ల కిందటే తెలుసు. ఇప్పుడు తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థలు ఆసుపత్రులకు, పంప్‌హౌస్‌లకు, పునరావాస కేంద్రాలకు జనరేటర్లు, బ్యాటరీలు, సోలార్ పలకలు కావాలని గ్రాంట్లు అడిగేటప్పుడు ఆ పాత తెలివిని గుర్తుచేయాలనే ఇదంతా రాస్తున్నాను.

2021 మే 10 రాత్రిని తిరుపతి మరచిపోలేదు. కరోనా రెండో అల ముమ్మరంగా ఉన్న రోజులు. రుయా ఆసుపత్రికి తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమైంది. పాత నిల్వ అయిపోవడానికీ కొత్తది కలపడానికీ మధ్య కొన్ని నిమిషాల ఎడం వచ్చింది. గొట్టాల్లో పీడనం పడిపోయింది. అధికార లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. అది కరెంటు పోయిన సంఘటన కాదు. కానీ ఆపదలో ఆదుకునే సాధనాలకు ప్రాణం ఎక్కడుంటుందో అంత స్పష్టంగా చెప్పిన రాత్రి ఇంకొకటి లేదు. మొదటిది ఆగడానికీ రెండోది అందుకోవడానికీ మధ్యనున్న నిమిషాల్లో ఉంటుంది. ఆ ఏడాదే పీఎం కేర్స్ సొమ్ముతో దేశమంతటా వెయ్యికి పైగా పీఎస్‌ఏ ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. మంచి పని. అయితే ఆ ప్లాంటు కంప్రెసర్‌తో గాలిని లోపలికి లాక్కుని ఆక్సిజన్‌ను వేరుచేస్తుంది. కరెంటు లేకపోతే కంప్రెసర్ తిరగదు. ఆక్సిజన్ కోసం ట్యాంకర్ వైపు చూసిన చోట ఇప్పుడు కరెంటు తీగ వైపు కూడా చూడాల్సి వస్తోంది. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. అయినా గాలివానకు చెట్టు కొమ్మ తీగ మీద పడితే ఆఫీసు దగ్గరున్నా దూరమున్నా కరెంటు పోవడం ఒకటే.

అదే ఏడాది నవంబరులో వానలు ఊరిని ముంచాయి. స్వర్ణముఖి ఒడ్లు కోసుకుపోయాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, తెగుతుందేమోనన్న భయంతో దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. అలాంటి రోజు మనుషుల్ని చేర్చే బడిలో దీపం వెలగాలి, ఫోన్లు చార్జి కావాలి, మంచినీళ్ల మోటారు తిరగాలి. ఇవన్నీ ఊళ్లో కరెంటు పోయే రోజున జరగవలసిన పనులు.

అవ్వ ప్రశ్నను నగరానికి వేసి చూద్దాం. వెంటిలేటర్ మీదున్న రోగి ఎంతసేపు ఆగగలడు? యంత్రంలోని బ్యాటరీ నిమిషాల లెక్క. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి ఆ నిమిషాలు కూడా లేవు. అందుకే జనరేటర్ అందుకునే లోపు కూడా ఆగకుండా యూపీఎస్ కావాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల రక్తం యంత్రపు గొట్టాల్లో ఉంటుంది. అక్కడా ఆలస్యం కుదరదు. పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు దాచే ఐస్‌లైన్డ్ ఫ్రిజ్ సంగతి వేరు. దాని గోడల్లో మంచు పొర ఉంటుంది. రోజుకు 8 గంటల కరెంటు ఉన్నా చల్లదనం నిలుపుకునేలాగే దాన్ని తయారుచేశారు. కనుక ఊరికే భయపడి దానికొక జనరేటర్ పెట్టనక్కర్లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉంటే మంచినీళ్లు కొన్ని గంటలు వస్తాయి. కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లు ఎక్కించే పంపులు ఆ లోపు తిరిగితే చాలు. మురుగునీటి పంపు ఆగితే పల్లపు వీధుల వాళ్లకు కొన్ని గంటల్లో తెలుస్తుంది. పన్ను కట్టించుకునే కౌంటర్ రెండు రోజులు మూతబడినా ప్రాణం పోదు.

ఈ వరస రాసుకుంటే రెండు మేళ్లు జరుగుతాయి. అడగవలసిన యంత్రం చిన్నదవుతుంది. మొత్తం భవనానికి సరిపోయే జనరేటర్ అడిగేవాళ్లకు, ఆగలేని గదులకు మాత్రం వేరే తీగ లాగితే మూడో వంతు యంత్రం సరిపోతుందేమో చూద్దామనే ఆలోచన వస్తుంది. రెండో మేలు నిధుల దగ్గర. నగరాలకు డబ్బు ఒకే సంచిలో రాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. తిరుపతి, చిత్తూరు లాంటి పది లక్షల లోపు జనాభా గల ఊళ్లకు వచ్చిన దానిలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకు కట్టుబడి ఉండేది. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్నిబట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు తప్ప. ఆరోగ్యానికి స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్లు వేరుగా చెప్పారు. రాష్ట్ర విపత్తు నిధిలో 20 శాతాన్ని విపత్తు రాకముందు చేసే నివారణ పనులకు విడదీశారు. నగరానికి ఇన్ని జనరేటర్లు కావాలి అని ఒకే అర్జీ పెడితే అది ఇలాంటి సంచుల్లో దేనికీ సరిగ్గా అమరదు. పంప్‌హౌస్‌ను తాగునీటి కింద, మురుగు పంపును పారిశుధ్యం కింద, ఆరోగ్య కేంద్రాన్ని ఆరోగ్య నిధుల కింద, పునరావాస బడిని విపత్తు నివారణ కింద అడిగితే ప్రతిదానికీ ఒక గుమ్మం కనిపిస్తుంది. పని కొంచెం ఎక్కువే. కానీ ఆ పని చేసిన ఊరికి డబ్బు దొరికే అవకాశం ఉంది.

ఇక సోలార్ గురించి. ఇక్కడ చాలామందిలో ఒక అపోహ ఉంది, అది ప్రమాదకరమైంది. ఆసుపత్రి మిద్దె మీద సోలార్ పలకలుంటే కరెంటు పోయినా దీపాలు వెలుగుతాయని అనుకుంటారు. వెలగవు. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, గ్రిడ్‌లో కరెంటు పోయిన క్షణమే తానూ ఆగిపోతుంది. తీగ మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా ఏర్పాటు చేశారు. అది సరైన ఏర్పాటే. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ లేకపోతే ఆ పలకల నుంచి ఒక బల్బు కూడా వెలగదు. కనుక గ్రాంటు కాగితంలో సోలార్ అన్న మాట ఒక్కటే ఉంటే బిల్లు తగ్గుతుంది, రక్షణ రాదు. బ్యాటరీ అన్న మాట కూడా ఉండాలి. దేశమంతా వాడే బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి తిరుపతి పక్కనే ఉంది. ఈ విషయం తెలిసిన ఇంజినీర్లు మన మధ్యనే ఉన్నారు, పిలిచి అడగడమే తరువాయి.

పై ఊరి బావిలా అనువుకాని చోట పెట్టిన రక్షణ ప్రపంచంలో చాలా చోట్ల మునిగింది. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో అడయారు ఒడ్డున ఒక పెద్ద ఆసుపత్రిలో జనరేటర్లు నీట మునగడం, ఆ రోజుల్లోనే అక్కడ 18 మంది రోగులు చనిపోవడం దేశమంతా విన్న వార్త. 2012 అక్టోబరు 29న శాండీ తుపానుకు న్యూయార్క్‌లో నగర ప్రభుత్వం నడిపే బెల్‌వ్యూ ఆసుపత్రి ఇంకో పాఠం నేర్పింది. జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపులు మాత్రం నేలమాళిగలో ఉండి మునిగిపోయాయి. సిబ్బంది, సైనికులు వరసగా నిలబడి డీజిల్ డబ్బాలు మెట్ల మీదుగా చేతులు మార్చి పైకి చేరవేశారు. అయినా చివరికి రోగులందరినీ తరలించాల్సి వచ్చింది. 2014లో అమెరికా కేంద్ర విపత్తు సంస్థ ఆ నగరపు నాలుగు ప్రభుత్వ ఆసుపత్రులకు 160 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. మన దగ్గర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉన్నాకే, ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో సాగిన ప్రాజెక్టులో భూగర్భ విద్యుత్ తీగలు వేశారు. రెండు చోట్లా డబ్బు వచ్చింది, నష్టం జరిగాక వచ్చింది. ముందుగానే అడగడం కష్టం, ఎందుకంటే చూపించడానికి శిథిలం ఉండదు. శిథిలం లేనివాళ్లు చూపించగలిగింది ముడుల మోకు ఒక్కటే.

శనివారం షరతు గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. 2022 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కరెంటు పోయింది, జనరేటర్ పనిచేయలేదు, సెల్‌ఫోన్ వెలుతురులో కాన్పు చేశారు. జనరేటర్ లేదని కాదు, ఉంది. నాకు ఈ విషయంలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఉన్నదాని మీద నమ్మకం పెట్టుకుని ఆ రాత్రి అక్కడికి వచ్చిన కుటుంబాలు మోసపోయాయి. జనరేటర్ మొండికేయడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. స్టార్టర్ బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, డీజిల్ పాతబడి ఉంటుంది, కరెంటు పోగానే దానంతటదే అందుకోవలసిన ప్యానెల్‌ను ఎవరో ఎప్పుడో మాన్యువల్‌లో వదిలేసి ఉంటారు. వీటిని కనిపెట్టడానికి యంత్రాన్ని ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పితే చాలదు. నిజమైన లోడ్ పెట్టి నడపాలి. ఖాళీగా నడిపే డీజిల్ ఇంజిన్‌లో కాలని ఇంధనం పేరుకుని ఇంజిన్ ఇంకా పాడవుతుంది. పరీక్ష చేసే మనిషి, డీజిల్, మూడు నుంచి అయిదేళ్లకోసారి మార్చవలసిన బ్యాటరీలు, ఇవన్నీ ఖర్చులే. గ్రాంటు ఇచ్చేవాళ్లు చాలాసార్లు వీటిని ఇవ్వరు. ఇవ్వనప్పుడు నగరం తన బడ్జెట్‌లో ఒక పద్దు కేటాయించి, ఆ కాగితాన్ని అర్జీకి జతచేయాలి. ఆ పద్దును వేరే దేనికీ మళ్లించబోమని కౌన్సిల్ తీర్మానం ఉండాలి. దశబంధం ఈ కాలంలో అలా ఉంటుంది.

తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయినా, ఆ సంస్థకు మొదటి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. పద్నాలుగేళ్లు ఊరి అవసరాలను ఊరి ప్రతినిధులు కౌన్సిల్‌లో మాట్లాడుకునే వీలు లేకపోయింది. ఎవరు ఎంతసేపు ఆగగలరన్న పట్టిక తయారు కాకపోవడానికి అదీ ఒక కారణమేనని నేను నమ్ముతాను. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది ఒక అధికారి గదిలో తేల్చే విషయం కాదు. మనుషులు గట్టిగా వాదించుకుని, చివరికి ఒప్పుకోవలసిన విషయం. కింది ఊరి పెద్ద ఒప్పుకున్నట్టు.

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం అయిదేళ్ల కాలం. ఆ నిధుల కోసం అర్జీలు రాసేవాళ్లకు అవ్వ చేసిన పని చేయడానికి ఇప్పుడు మనుషులున్నారు. వార్డు సచివాలయాల్లో ఆరోగ్య కార్యదర్శులు ఉన్నారు, సదుపాయాలు చూసే ఎమెనిటీస్ కార్యదర్శులు ఉన్నారు. ఏ ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద మనిషి ఉన్నాడో, ఏ వీధి పల్లంలో ఉందో, ఏ పంపు ఆగితే ఏ కాలనీకి నీళ్లు రావో వాళ్లకు తెలుసు, తెలియకపోతే అడిగి రాగలరు. టెండరు పిలవకముందే వాళ్లను పంపించి, ప్రతి గడపలోనూ ప్రతి వార్డులోనూ ఆ ఒక్క ప్రశ్న అడిగించి, వచ్చిన జవాబుల్ని గంటల వరసలో పేర్చి కౌన్సిల్ ముందు పెట్టాలి. జనరేటర్ సామర్థ్యం ఎన్ని కేవీఏ ఉండాలన్నది ఆ తర్వాత ఇంజినీర్లు చెబుతారు.